గోదారి పెరిగితే లేచే మంచం

పొద్దున్నే ఆరింటికల్లా సూర్యకళ రౌండ్ మొదలుపెట్టేది. గోదారి మధ్య లంకలో ఉన్న ఆ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పంతొమ్మిది మంది. బీపీలు, షుగర్లు, వీపు మీద పుండ్లు అన్నీ చూసి రిజిస్టర్లో రాసి, ఇద్దరు ఆయాలకీ పని పంచాక గానీ ఆవిడ కాఫీ తాగేది కాదు. ఛార్జి నర్సు కాబట్టి అక్కడ ఏ నిర్ణయమైనా ఆవిడదే. ఏజెన్సీ పంపిన చోట మూడు నెలలు చెయ్యడం, పెట్టె సర్దుకోవడం. నాలుగేళ్ళలో ఇది పదకొండో చోటు. మనుషుల పేర్లు నోటికొచ్చేసరికి బస్సెక్కాల్సి వచ్చేది.

చేరిన రోజునే ఆయా సాయిప్రసన్న చివరి మంచం చూపించింది.

"ఈయన అప్పాజీ గారండి. నలభై ఏళ్ళు పంటు మీద జనాన్ని ఏరు దాటించారు. ఏడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. ఎగువన గోదారి పెరిగితే, నీళ్ళు ఇక్కడికి రాకముందే ఈయన మంచం లేస్తుందండి. అప్పుడు షుగరు చూడ్డానికి స్టూలు కావాలి. అదిగో, తలుపు వెనకాలుంది."

సూర్యకళ స్టూలు చూసుకుని, రిజిస్టర్లో బీపీ పక్కన ఇంకో గడి గీసి 'మంచం ఎత్తు' అని రాసుకుంది. జూలైలో బెత్తెడు లేచింది, ఒకసారి జానెడు. ఎగువన వాన తగ్గితే మళ్ళీ నేలకి దిగేది.

ఆగస్టులో ఒక మంగళవారం ఎండ ఫెళ్ళున కాస్తుండగా మంచం ఆవిడ భుజాల దాకా లేచింది. గంటకల్లా స్టూలెక్కినా అందలేదు. కిటికీలోంచి చూస్తే గోదారి ఎప్పటిలాగే ఉంది.

రాజమండ్రిలో ఉన్న మేనేజరు గణేష్‌బాబుకి ఫోను చేసింది.

"ఇంకా మొదటి ప్రమాద హెచ్చరికే రాలేదండి సిస్టర్. పెద్దవాళ్ళు, కదిపితే ఎవరికేమవుతుందో! రేపు చూద్దాం."

"రేపటికి పంటు తిరగదండి."

"మీరుండేది ఇంకో మూడు వారాలు. మీకెందుకొచ్చిన గొడవ చెప్పండి?"

ఆ మాట సూటిగా తగిలింది. తను పొరబడితే ఏజెన్సీ మళ్ళీ పిలవదు.

"ఉన్నన్నాళ్ళూ ఛార్జి నాదేనండి. నా సంతకం మీదే తీసుకెళ్తున్నాను," అని ఫోను పెట్టేసింది.

పంటు నడిపే అచ్చిబాబు వచ్చి మంచం వంక ఒక్కసారి చూసి, రేవుకెళ్ళి ఇంజను స్టార్ట్ చేశాడు. ఆక్సిజన్ మీదున్న వాళ్ళు ముందు. వీరవేణమ్మగారు ఆవకాయ జాడీ లేకుండా కదలనని భీష్మించుకుంటే సూర్యకళే దాన్ని చంకనెత్తుకుంది. మూడు ట్రిప్పుల్లో పద్దెనిమిది మంది దాటారు. నాలుగోసారికి ఎర్రనీరు రేవు మెట్లెక్కేసింది. అప్పాజీ గారి మంచానికి తాడు కట్టి, గుమ్మం దగ్గర కిందికి లాగి బయటికి తెచ్చి, పంటు ముందు గుంజకి కట్టారు.

నడి గోదార్లో ఇంజను ఆగిపోయింది. పంటు అడ్డం తిరిగి దిగువకి కొట్టుకుపోసాగింది. అచ్చిబాబు హ్యాండిలు తిప్పీ తిప్పీ చేతులెత్తేశాడు. సాయిప్రసన్న ఏడుపందుకుంది.

సూర్యకళ పైకి చూసింది. అప్పాజీ గారు ఎడంచేత్తో మంచంపట్టె పట్టుకుని పక్కకి ఒరిగారు. ఏడేళ్ళుగా పక్కన పడున్న కుడిచెయ్యి మెల్లగా లేచి, చుక్కాని తిప్పినట్టు గాలిని తోసింది. మంచం వంగింది. తాడు బిగుసుకుంది. పంటు ముక్కు గట్టువైపు తిరిగింది. ప్రవాహానికి ఎదురెళ్ళకుండా, ఏటవాలుగా, తెలిసిన దారిలో వెళ్ళినట్టు ఆయన వాళ్ళని అరగంటలో ఒడ్డుకి చేర్చారు. ఏటిగట్టు మీద జనం ఈలలు వేశారు.

సూర్యకళ మనుషుల్ని లెక్కపెట్టింది. పంతొమ్మిది మంది. తడిసిన రిజిస్టరు తెరిచి, 'కుడిచెయ్యి కదిలింది' అని రాసి టైము వేసింది.

సాయంత్రానికి కేంద్రం కిటికీల దాకా మునిగింది. గణేష్‌బాబు గట్టవతలి ఊళ్ళో వాళ్ళని ఉంచిన హైస్కూలు హాలుకి వచ్చి అందర్నీ చూశాడు. సూర్యకళ చేతిలోని అన్నం బకెట్టు అందుకుని తనే వడ్డించాడు.

మూడు వారాలకి, వాళ్ళింకా హైస్కూలు హాల్లో ఉండగానే, ఏజెన్సీ నుంచి ఫోనొచ్చింది. పెద్దాపురంలో కొత్త కేంద్రమట, సోమవారం చేరాలట.

"నేను రావడం లేదండి," అంది సూర్యకళ. "ఇక్కడ ఒకాయనకి చెయ్యి తిరిగొస్తోంది. రోజూ వ్యాయామం చేయించాలి."

అవతల ఏదో అంటుండగానే, అప్పాజీ గారు కుడిచేత్తో టీ గ్లాసు ఎత్తారు. సగం చొక్కా మీద ఒలికింది, సగం నోట్లోకి వెళ్ళింది. హాలంతా చప్పట్లు మోగిపోయాయి. ఆ గోలలో ఫోను ఎప్పుడు కట్టయిందో సూర్యకళ చూసుకోలేదు.