షష్ఠి నాటి చంద్రుడి మీద జాగా

ఎర్రబండపల్లెలో ఒంటెద్దు రైతులు చాలామందే ఉండేవాళ్ళు గాని, ఈరప్ప, హుసేన్ పీరాల జోడు వేరు. పదకొండేళ్ళుగా వాళ్ళ రెండెద్దులూ ఒకే కాడి కింద నడుస్తున్నాయి. ఈరప్పది మచ్చల ఎద్దు, దాపటది. అంటే ఎడమ పక్క తప్ప ఇంకో పక్క కడితే దానికి లోకం తలకిందులైపోతుంది. పీరాది నల్లెద్దు, ఎలపటది. కుడి పక్క దాని జన్మహక్కు. కాడి ఈరప్ప ఇంటి పంచలో ఉంటుంది, విత్తే గొర్రు పీరా ఇంటి చూరు కింద ఉంటుంది. ఎందుకట్లా పంచుకున్నారో ఇద్దరికీ గుర్తులేదు.

వాన పడిన మర్నాడు పొద్దున్నే ఈరప్ప కాడి భుజాన వేసుకుని బయల్దేరతాడు. అటునుంచి పీరా గొర్రు మోసుకుని వస్తాడు. ఇద్దరూ వీధి మధ్యలో, యేసన్న ఇంటి ముందర, కలుసుకుంటారు. పదకొండేళ్ళలో ఎవరూ ఎవరినీ పిలిచింది లేదు. పిలవాల్సిన అవసరమే రాలేదు.

ఆ సంవత్సరం మటుకు వాన రాలేదు. పునర్వసు కార్తె కూడా ఎత్తిపోయింది. ఒలిచిపెట్టిన శెనక్కాయ విత్తనం బానల్లో కూర్చుని మనుషుల ముఖాలు చూస్తోంది, మనుషులు ఆకాశం ముఖం చూస్తున్నారు. పని లేక ఊరంతా పీరా ఇంటి అరుగు మీద చేరింది. అక్కడొక కొత్త ముచ్చట ఉంది మరి. పీరా బామ్మర్ది ఫకృద్దీన్ బళ్ళారి నుంచి ఒక ట్రాన్సిస్టరు తెచ్చి ఇచ్చిపోయాడు. తోలు తొడుగేసుకుని, భుజానికి పట్టీ కట్టుకుని, అరచేతి మందాన ఉండే పెట్టె. అది వచ్చిన దగ్గర్నుంచీ పీరా మెడ అరంగుళం పొడుగైందని తిప్పమ్మ అనేది. తిప్పమ్మ ఈరప్ప భార్య, అబద్ధం ఆడే మనిషి కాదు.

ఆ సోమవారం పెట్టె చెప్పిన వార్తకు అరుగు మీద అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. మనుషులు చంద్రుడి మీద దిగారట. దిగి, నడిచారట.

ముందుగా తేరుకున్నది పీరా భార్య రంజాన్ బీ.

"చెప్పులిడిసి దిగినారా, ఏసుకోనే దిగినారా?"

"ఏసుకోనే దిగినారు" అన్నాడు పీరా, తనే చెప్పులు తొడిగి పంపినట్టు. "ఆడ గాలి లేదంట. సుక్క నీళ్ళు లేవంట. పచ్చనాకు అనేదే లేదంట. అంతా రాళ్ళూ దుమ్మేనంట."

కుళ్ళాయప్ప అనే ముసలాయన గోడకు చేరగిలబడి వింటున్నాడు. "దానికి అంత దూరం పోవల్లనా?" అన్నాడు నిదానంగా. "మన కంబదూరు తట్టుకు వచ్చింటే సాలు గదప్పా."

అరుగంతా నవ్వింది. తిప్పమ్మకు మాత్రం ఇంకో సంగతి మనసులో గుచ్చుకుంది. "పోయింది ముగ్గురు, దిగింది ఇద్దరు అంటాండారు గదన్నా. ఇంకొకడు ఏమాయె?"

"పైన్నే బండి తోలుకుంటా సుట్టూ తిరుగుతాండాడంట. వీళ్ళిద్దరూ మల్లా పైకొస్తే కలుపుకోని పోవల్ల గదమ్మా."

"అయ్యో పాపం. పెండ్లికి పిల్సుకోని పోయి బండికాడ కాపలా పెట్టినట్లుండాది" అంది తిప్పమ్మ.

ఈరప్ప ఇదంతా వింటూ బీడీ చివరిదాకా కాల్చి, ఆర్పి, పీకను చెవి వెనక పెట్టుకున్నాడు. అప్పుడు అడిగాడు.

"బావా, వాళ్ళు దిగింది ఏ తిథి?"

"రాత్రి షష్ఠి."

"షష్ఠి చంద్రుడు ఎంతుంటాడు?" ఈరప్ప బొటనవేలూ చూపుడువేలూ కొడవలిలాగా వంచి అందరికీ చూపించాడు. "ఇంత. దీని మీద ఇద్దరు మనుషులు నిలబడినారా? జారరా? పున్నమికి పోయినారంటే నమ్ముతా. పున్నమికైతే పంచె పరుసుకోని పండుకునేంత జాగా ఉంటాది. తెలివుండేవాడు ఎవుడన్నా షష్ఠి పూట పోతాడా?"

ఇది విని ఇద్దరు ముగ్గురు తలలూపారు. మాటలో న్యాయం ఉందనిపించింది. పీరాకు మాత్రం ఒళ్ళు మండింది. పెట్టె తనది, అందులోంచి వచ్చిన వార్తా తనదే అయినట్టు అతనికి ఒక బాధ్యత పట్టుకుంది.

"చంద్రుడు ఎప్పుడూ నిండుగానే ఉంటాడు బావా. మనకు ఎల్తురుండే కాడికే కనపడతాది, అంతే" అని, రుజువు కోసం రంజాన్ బీ చేతిలోంచి ఒక జొన్నరొట్టె తీసుకుని ఎత్తి పట్టుకున్నాడు. "ఇది చంద్రుడు అనుకో."

ఈరప్ప ఆ రొట్టె అందుకున్నాడు. నింపాదిగా ముప్పాతిక వంతు తుంచుకుని తిని, మిగిలిన వంకర ముక్కను పైకెత్తాడు. "ఇది షష్ఠి. దీని మీద ఇప్పుడు ఒక చీమను నిలబెట్టు సూస్తాం."

"నువ్వు తినింది రొట్టెను. ఆ చంద్రున్ని ఎవురు తిన్న్యారు బావా?" అన్నాడు పీరా. అరుగు మళ్ళీ గొల్లుమంది. అక్కడితో ఆపి ఉంటే పోయేది. పీరా ఆపలేదు. నవ్వేవాళ్ళ వైపు తిరిగి, "మా నల్లెద్దుకు సెప్పింటే ఈపాటికి అర్థమయ్యుండు" అన్నాడు.

ఈరప్ప లేచి నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే అతనికి చంద్రుడితో ఏ పేచీ లేదు. చంద్రుడి మీద ఎవరు దిగినా, ఎవరు ఎక్కినా అతని పంచె తడవదు. అతని కడుపుమంట వేరే. పెట్టె రాకముందు పీరా పొద్దున లేచి మబ్బు చూసి, "బావా, ఇది పడే మబ్బా, పోయే మబ్బా?" అని అతన్నే అడిగేవాడు. ఇప్పుడు పెట్టె చెవి మెలితిప్పి దాన్ని అడుగుతున్నాడు. నెల రోజులుగా ఈరప్పను ఎవరూ ఏమీ అడగలేదు. ఇంతమందిలో ఎద్దుకన్నా కింద వేయడం ఒకటి, దానిపైన.

"అట్లయితే నీ నల్లెద్దునూ నీ డబ్బానూ ఒగే కాడికి కట్టుకోని సేద్యం సెయ్యి" అన్నాడు. "నా ఎద్దు రాదు."

"రాకుంటే మానె" అన్నాడు పీరా.

అంతే. పదకొండేళ్ళ జోడు ఒక్క రొట్టెముక్క దగ్గర విడిపోయింది.

వానకు కూడా భలే సమయం దొరికింది. ఆ సాయంత్రమే పడమట నల్లగా లేచి, ఊరి మీదికొచ్చి, కడవలతో గుమ్మరించింది. ఆడవాళ్ళు చూరు కింద బిందెలు పెట్టారు, ముసలి కుళ్ళాయప్ప అంగీ విప్పేసి వీధిలో నిలబడి తడిశాడు. విత్తడానికి మంచి పదును. వేలు గుచ్చితే మొదలంటా దిగేంత పదును. అయితే ఆ ఎర్రనేలల సంగతి అందరికీ తెలుసు. గాలి తిరిగిందంటే రెండు రోజుల్లో ఆరిపోతుంది. ఆ రెండు రోజుల్లో విత్తనం నేలలో పడకపోతే, మళ్ళీ వాన వస్తుందో రాదో చెప్పే మొనగాడు ఆకాశంలోనూ లేడు, పెట్టెలోనూ లేడు. ఈరప్పకున్నదల్లా ఆ నాలుగెకరాల చేను, ఆ రెండు బానల విత్తనం. ఏడాది బువ్వ అందులోనే ఉంది.

సంగటి పెడుతూ తిప్పమ్మ అంది. "పోయి పీరన్నతో ఒగ మాట మాట్లాడి రాగూడదా?"

"ఆయప్పకు డబ్బా ఉండాది గదా. దాంతో మాట్లాడుకోనీ." ఈరప్ప ముద్ద మింగాడు. తర్వాత గోడ వైపు చూస్తూ అడిగాడు. "ఆ ఇద్దరికీ బువ్వ ఏమన్నా కట్టిచ్చి పంపినారంట్యా?"

"ఏ ఇద్దరికి?"

"అదే, ఆడ దిగినారంటాండారే."

"నువ్వు నమ్మలేదు గదా."

"నమ్మకుంటే వాళ్ళకు ఆకలి కాదా?" అని విసుక్కుని, ఇంకో ముద్ద వేయించుకున్నాడు. చేయి కడుక్కునేటప్పుడు మళ్ళీ అన్నాడు. "ఆ పైన తిరిగేవాడు వీళ్ళ మీద అలిగి ఎలబారి పోయినాడనుకో. వీళ్ళ గతేంది?" తిప్పమ్మ మొగుడి ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెల్లవారింది. ఈరప్ప అలవాటు కొద్దీ కాడి భుజాన వేసుకుని గడప దాటి, అక్కడే ఆగిపోయాడు. వీధి ఆ చివర, పీరా తన ఇంటి ముందు గొర్రు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇతను కదిలితే కదులుదామని అతను, అతను కదిలితే కదులుదామని ఇతను. ఊళ్ళోని జోడెడ్లన్నీ వాళ్ళ మధ్యగా పొలాలకు పోయాయి. ఎండ యేసన్న ఇంటి గోడ మీదికి ఎక్కింది. ఈరప్ప ఛీ అనుకుని కాడితో సహా కుళ్ళాయప్ప ఇంటికి మళ్ళాడు.

కుళ్ళాయప్ప దగ్గర ఒక ముసలెద్దు, ఒక పాత గొర్రు ఉన్నాయి. "తీసకపో నాయనా. అయితే ఒగ మాట, ఇది గూడా దాపటదే" అన్నాడు ముసలాయన.

"ఒగ పూటకు అదే నేర్చుకుంటాది" అన్నాడు ఈరప్ప. పదహారేళ్ళ ఎద్దు ఒక పూటలో కొత్త విద్య నేర్చుకుంటుందని నమ్మినవాడు, షష్ఠి చంద్రుడి మీద ఇద్దరు నిలబడ్డారంటే నమ్మనన్నాడు. చూడండి మరి.

చేలో ముసలెద్దును కుడి పక్కన కట్టాడు. తిప్పమ్మ ఒడిలో విత్తనం పోసుకుని గొర్రు వెనక నిలబడింది. అదిలించగానే రెండెద్దులూ ఎడమ పక్కకు దూరాలని చూశాయి. మచ్చలది తన చోటు వదలదు, ముసలిది ఆ చోటు కావాలంటుంది. కాడి వంకర తిరిగింది. తిన్నగా పోవాల్సిన గొర్రు సాలు ఎడమకు వంగి, వంగి, గుండ్రంగా తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి చేరింది. ఈరప్ప ఇంకోసారి తోలాడు. ఇంకో సున్న పడింది.

ఎద్దును కనిపెట్టుకుని వచ్చిన కుళ్ళాయప్ప గట్టున కూర్చుని, "ఏమప్పా ఈరప్పా, నువ్వు గూడా సుట్టూ తిరగబడితివే. దిగేది ఎప్పుడు?" అన్నాడు.

ఈరప్పకు నవ్వు రాలేదు. మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూశాడు. పైపొర అప్పుడే పొడిబారుతోంది. గట్టుకు అవతల పీరా చేను. అక్కడ నల్లెద్దు ఒంటరిగా నిలబడి ఇటే చూస్తోంది. కాడి లేని గొర్రు నేల మీద పడి ఉంది. పీరా తుమ్మకొమ్మకు ట్రాన్సిస్టరు తగిలించి, దాని కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. రంజాన్ బీ విత్తనం గంప ముందర పెట్టుకుని అతని వైపు చూడకుండా కూర్చుంది. పెట్టె ఏదో చెబుతోంది. గాలికి ఒక మాట వినబడితే రెండు మాటలు ఎగిరిపోతున్నాయి.

ఈరప్ప పలుపు వదిలేసి నాలుగడుగులు వేశాడు. ఆగాడు. మళ్ళీ రెండడుగులు వేశాడు. ఇంక ఉండబట్టలేకపోయాడు.

"బావా," అని కేకేశాడు. "ఆ పైన తిరిగేవాడు ఇడిసిపెట్టి పోయినాడా?"

పీరా లేచి నిలబడ్డాడు. "పోలేదు బావా. కాసుకోనే ఉండాడంట. ఇప్పుడే సెప్పిరి. వీళ్ళు పైకొచ్చినారంట, కలిసినారంట, ముగ్గురూ ఒగే బండిలో ఇంటి తట్టుకు తిరుక్కున్యారంట."

ఈరప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. రాత్రి నుంచీ గుండె మీద ఉన్న బరువు దిగిపోయింది. కాని ఇంకొకటి తేలాలి.

"ముందర ఎవురు ఎవురి కాడికి పోయినారు?"

ఆ సంగతి పెట్టె చెప్పలేదు. చెప్పినా పీరా వినలేదు. అతను ఈరప్ప చేలో పడిన రెండు సున్నలను చూశాడు, ముసలెద్దును చూశాడు, గట్టు కేసి అప్పుడే మెడ సాచిన మచ్చల ఎద్దును చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"వాళ్ళు రోంత పైకొచ్చిరంట. వాడు రోంత కిందికి దిగెనంట. సగం దావలో కలిసినారంట."

"అట్లనా" అన్నాడు ఈరప్ప.

"అట్లనే" అన్నాడు పీరా, వంగి గొర్రు భుజానికెత్తుకుంటూ.

ఈరప్ప వెనక్కు పోయి ముసలెద్దును విప్పి, కాడి భుజాన వేసుకుని మచ్చలదాన్ని తోలుకొచ్చాడు. సరిగ్గా గట్టు మీద కలుసుకున్నారు. కాడి ఎత్తకముందే నల్లెద్దు వచ్చి తన చోట్లో నిలబడింది. ముందు ఎవరి చేను అన్న మాట కూడా రాలేదు. గొర్రు ఎక్కడ నిలబడితే అక్కడ మొదలుపెట్టారు. తిప్పమ్మా రంజాన్ బీ చెరొక పక్క గింజ వదులుతూ, మొగవాళ్ళిద్దరినీ వినబడేటట్టే తిట్టిపోస్తూ, మధ్యలో నవ్వుకుంటూ నడిచారు. పొద్దు వాలేసరికి సగానికి సగం విత్తనం నేలలో పడింది.

ఎద్దులకు మేత వేసి నలుగురూ గట్టున కూర్చున్నారు. వాతావరణం వార్తలు చెప్పే వేళయింది. పీరా పెట్టె చెవి మీద చెయ్యి వేసి, కొంచెం ఆలోచించి, తిప్పి ఆర్పేశాడు.

"బావా, మబ్బు ఎట్లుండాది? మిగిలిన ఇత్తనం రేపు పడతాదంటావా?"

ఈరప్పకు కళ్ళు చెమర్చినంత పనైంది. తల ఎత్తి నాలుగు దిక్కులూ చూశాడు. తొందరేమీ లేదన్నట్టు తీరిగ్గా చూశాడు. "రేపంతా ఆరదు. గాలి ఇంకా తిరుక్కోలేదు. పొద్దున్నే కడితే మాపటికి అయిపోతాది" అన్నాడు. అప్పటికి అష్టమి చంద్రుడు నడినెత్తికి కొంచెం ఇవతల, సగం రొట్టెలాగా తెల్లగా కనిపిస్తున్నాడు. ఈరప్ప దానివైపు చాలాసేపు చూశాడు. మనసు నిండుగా ఉన్నప్పుడు మనిషికి కొంత ఇచ్చుకోవాలనిపిస్తుంది.

"బావా, వాళ్ళు పోయింది నిజమేలే" అన్నాడు.

"నిజమేనంటావా?"

"నిజమే. షష్ఠి గాబట్టి ఇద్దరికే జాగా సరిపాయె. లేకుంటే ఆ మూడోవాడు అంత దూరం పోయి, దిగకుండా ఊరికే పైన తిరుగుతాడా?"

పీరా నోరు తెరిచాడు. ఎదురుగా మచ్చల ఎద్దూ నల్లెద్దూ ఒకే గంపలో మూతులు పెట్టి నములుతున్నాయి. తెరిచిన నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, "అవును బావా," అన్నాడు, "ఆ సంగతి మా డబ్బాకు తెలీనేలేదు."