వంటింట్లో గంట

"మా ఇంట్ల గంట నొక్కుడే లేదు. గట్ల తాకితే చాలు, మోగుతది" అని చర్చి బయట అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు నా మొగుడు స్టాన్లీ. మోగితే లేచేదెవరో మాత్రం చెప్పలేదు.

తయారు చేసింది నేనే. నారాయణఖేడ్‌లో ఓ ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. పిల్లలకు నేర్పే వస్తువులే కొనుక్కొచ్చాను: గోరంత టచ్ సెన్సర్, ప్రోగ్రాం ఎక్కించే చిన్న బోర్డు, ఓ బజర్. పక్షవాతం వచ్చాక అత్త రిబ్కమ్మకు స్విచ్ నొక్కే బలం లేదు. సెన్సర్‌కు బలం అక్కర్లేదు, వేలు ఆనితే చాలు. దాన్ని పెరుగు డబ్బా మూత కింద అతికించి ఆమె మంచం పట్టెకు కట్టాను. బజర్ వంటింట్లో పెట్టాను. అక్కడే పెట్టమని ఎవరూ చెప్పలేదు, నా చేతులే అటు పోయాయి. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఇక రొట్టె పెనం మీదున్నా మోగేది, నేను స్నానంలో ఉన్నా మోగేది. అత్త పక్కనే కుర్చీలో ఫోన్ చూసుకుంటూ స్టాన్లీ కేకేసేవాడు, "నిస్సీ, మోగుతుంది! ఇనొస్తలేదా?" అని. నీళ్ల చెంబు అతని చేతికందే దూరంలోనే ఉండేది. ఒకసారి ఆ మాటే అంటే అత్త అడ్డుపడింది: "మొగపిల్లగాడు, వానికేం తెలుస్తది బిడ్డా."

నిన్న నేను బడిలో ఉండగా ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. ఆ సెన్సర్‌కు ఓ గుణం ఉంది. కరెంటు వచ్చిన క్షణంలో దాని మీద వేలుంటే, ఆ వేలు లేనట్టే లెక్క వేసుకుంటుంది. మొదట్నుంచీ ఉన్నది కనుక లేనట్టే, ఈ ఇంట్లో నా చాకిరీ లాగా. కరెంటు లేనప్పుడే వేలు పెట్టిన అత్త కంగారులో తియ్యనేలేదు, కరెంటు వచ్చినా గంట మోగనేలేదు. చివరికి నోటితోనే పిలిచింది కొడుకును. అతను లేవలేదు. నాకు ఫోన్ చేశాడు.

"అమ్మ పిలుస్తుంది. నీ మిషన్ మోగుతలేదేంది? జల్దీ రా."

నేను వచ్చేసరికి పక్క తడిసిపోయింది. అత్త గోడవైపు మొహం తిప్పుకుని ఉంది.

"పిలిస్తే ఇన్నవ్ గదా, లేవరాదా?" అన్నాను.

"గంట ఉన్నంక నన్నెందుకు పరేషాన్ చేస్తరు? నీదే ఖరాబ్ మిషన్."

కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది. అత్తకు చీర మార్చాను, పక్క మార్చాను. "కరెంటొచ్చినంక వేలు తీసి మళ్ల పెట్టు అత్తమ్మా" అని చెప్పాను. ఆ తర్వాత వంటింట్లో బజర్ ఊడదీసి, తీగ పొడిగించి, స్టాన్లీ కుర్చీ వెనక గోడకు, అతని చెవి దగ్గర బిగించాను.

ఈ పొద్దున జొన్నపిండి కలుపుతుంటే మోగింది.

"నిస్సీ, మోగుతుంది!"

"నీ దగ్గరనే గదా మోగుతుంది" అన్నాను, పిండిలోంచి చేతులు తియ్యకుండా.

"అమ్మా, వేలు తియ్యే, తలకాయ పగులుతుంది!"

గంట ఆగింది. గుమ్మంలోంచి తొంగి చూశాను. అత్త వేలు తీసి, కొడుకును ఓసారి ఎగాదిగా చూసి, మళ్లీ పెట్టింది.