తిప్పి చదవవలసిన బయోడేటా

నేను ఒక రెండు వైపుల కాగితాన్ని. పాలకొల్లు బస్టాండు ఎదుట నూకరాజు గారి డీటీపీ సెంటరులో పుట్టాను. ఆయనకు బయోడేటా అంటే ఒకటే నమూనా, పెళ్లిళ్లది. ఉద్యోగానికని మణిమాల ఎంత చెప్పినా అలవాటుపడిన చేయి ఆగలేదు. గోత్రం, నక్షత్రం, ఎత్తు, చామనఛాయ అన్నీ నా మీద అచ్చయ్యాయి.

మణిమాల భర్తతో కలిసి ఇన్నేళ్లు నడిపిన షామియానా దుకాణం మూతపడింది. కూతురు ఈ ఏడే నర్సింగులో చేరాలి. కొత్త కల్యాణ మండపంలో మేనేజరు ఉద్యోగమే ఇక ఆధారం.

కాలేజీలో పాఠాలు చెప్పే ఆమె వదిన కామాక్షి నన్ను చూసి పకపకా నవ్వింది.

"ఉద్యోగానికా, పెళ్లిచూపులకా? నీ నక్షత్రం ఎవడిక్కావాలే! నీకేం వచ్చో రాయి."

"నాకేం వచ్చు వదినా? డిగ్రీ కూడా లేదు."

"గాలివానకి పందిరి లేచిపోతే ఆ పెళ్లి చేయించింది ఎవరు, నేనా?"

కాగితం దండగ కాకూడదని నన్నే తిప్పి అచ్చు వేయించారు. ఈసారి పేరు కింద నేర్పులు, ప్రతి నేర్పు పక్కన దాని నిదర్శనం. ఆపద గట్టెక్కించుట: పందిరి కూలగానే పెళ్లిని రైసుమిల్లు గోదాములోకి మార్చి, ముహూర్తం తప్పకుండా తాళి కట్టించుట. రాజీ కుదుర్చుట: అలిగిన వంటవాణ్ణి, అలిగిన వియ్యపురాలిని ఒకే బంతిలో కూర్చోబెట్టి భోజనం చేయించుట.

మనుషులు ఎవరినైనా పుట్టుక వైపు నుంచే చదవడం మొదలుపెడతారు. మండపం యజమాని వీర్రాజు గారూ అంతే.

"ఏవండీ, మా దగ్గర పెళ్లిళ్లు జరుగుతాయి గానీ సంబంధాలు చూడమండీ!"

గదిలోని వాళ్లంతా గొల్లున నవ్వారు. మణిమాల ముఖం కందిపోయింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

"తిప్పి చదవండి."

తిప్పారు. చదువుతున్నకొద్దీ ఆయన వేళ్ల పట్టు నా అంచుల మీద బిగిసింది.

"వియ్యపురాలికి ఏం చెప్పారండీ?"

"తమరు కూర్చుంటే గానీ వంటవాడు మెతుకు ముట్టనంటున్నాడని చెప్పానండీ."

"మరి వంటవాడికో?"

"ఆయనకీ అదేనండీ, ఆవిడ పేరు పెట్టి."

వీర్రాజు గారు బల్ల చరిచి నవ్వారు. "ఆయ్! శుక్రవారం మంచిది, వచ్చి తాళాలు తీసుకోండి."

ఇప్పుడు నేను ఆ మండపంలో ఒక బల్ల కాలి కింద నాలుగు మడతలై ఉన్నాను. గోత్రనక్షత్రాలు లోపలి మడతల్లో నలిగిపోయాయి. రైసుమిల్లు పెళ్లి మాత్రం పైకి కనిపిస్తూనే ఉంది. బల్ల ఊగడం మానేసింది. దాని మీద ఇత్తడి పలక మెరుస్తోంది: మణిమాల, మేనేజరు.