కోటు వేసుకున్న మేక

అక్కవి పాముచెవులు. తమ్ముడికి స్కిజోఫ్రెనియా అని డాక్టరు చెప్పిన నాటినుంచి అవి మరీ పదునెక్కాయి. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగితే చాలు, తలుపు దగ్గర ఆవిడ మెడ ప్రత్యక్షం!

ఆ ఉదయం లోపల్నుంచి వాడి గొంతు వినిపించింది. "మేక నీలం కోటేసుకుంది. అద్దంలో చూసుకుని గడ్డం దువ్వుకుంటోంది."

అక్క తలుపుకి చెవి ఆనించింది. టిఫిన్ దగ్గర మళ్లీ అదే మేక. చెప్పులు వేసుకునేటప్పుడూ మేకే, పైగా ఈసారి దాని వెనకాల గులాబీ దుప్పటి కప్పుకున్న గుమ్మడికాయ ఒకటి!

ఇంకేముంది, లేనివి కనిపించే ఆ జబ్బు తిరగబెట్టింది అనుకుంది. మతిమరుపు వల్ల వాడు ఇదివరకు ఏ పనిలోనూ నిలవలేదు. కొత్తగా చేరిన ఈ లాండ్రీలో కుదురుకుంటే మళ్లీ మనుషుల్లో పడతాడని ఆవిడ కొండంత ఆశ పెట్టుకుంది. ఇప్పుడు తన చేతులతోనే మాన్పించాలి. వాడి వెనకే బయల్దేరింది.

లాండ్రీ ఓనరుదో చాదస్తం. తెలిసినవాళ్లకు చీటీ రాసిస్తే అవమానించినట్టట! ఎవరి బట్టలేవో మొహం చూసి తీసివ్వాలి.

"మా తమ్ముడికి ఒంట్లో బాగాలేదండీ, ఇంటికి పంపించేయండి" అంది అక్క.

"అతనికేమైందమ్మా? బట్టలు తారుమారు చేస్తున్నది నేనే!" అన్నాడు ఓనరు, ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి.

ఇంతలో బక్కపల్చటి పెద్దాయన ఒకాయన వచ్చాడు. కొసతేలిన గడ్డం, ఏదో నములుతున్న దవడలు. తమ్ముడి పెదాలు కదిలాయి. కొక్కేనికున్న బట్టల్లోంచి నీలం కోటు తీసిచ్చాడు. అక్క ఆ గడ్డంకేసి చూసింది. అచ్చం మేకే! ఆయన వెనకే బొద్దుగా ఒకావిడ వచ్చి గులాబీ దుప్పటి తీసుకునేసరికి, నవ్వాపుకోలేక అక్క నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

వాళ్లు వెళ్లగానే తమ్ముణ్ణి వెనకగదిలోకి లాక్కుపోయింది. "ఏంట్రా ఈ వేషాలు?"

"ఆస్పత్రిలో మతిమరుపుకి శిక్షణ ఇచ్చే మేడం నేర్పిందక్కా. మనిషినీ బట్టనీ కలిపి మనసులో ఓ పిచ్చిబొమ్మ కట్టుకోవాలి. ఎంత పిచ్చిదైతే అంత అతుక్కుంటుంది. కాసేపాగి ఓసారి, ఇంకొంచెం ఆగి మరోసారి తల్చుకోవాలి. గుర్తురాకపోతే ఊహించకూడదు, అడిగేయాలి."

"ఆ ముక్క నాకు చెప్పి ఏడవచ్చుగా! మళ్లీ అవన్నీ కనిపిస్తున్నాయేమోనని హడలి చచ్చాను."

"అవి పిలవకుండా వచ్చేవక్కా. ఇవి నేను పిలిస్తేనే వస్తాయి. ఆ తేడా నాకు తెలీదా?"

అక్క కాస్త మెత్తబడింది. "అయితే నాకూ ఓ బొమ్మ కట్టావా?"

వాడు నసిగాడు. "కోప్పడనంటే చెప్తా. ఒంటె."

"ఒంటెనా!"

"మాత్రల డబ్బా నోట కరుచుకుని, తలుపు సందులోంచి మెడ సాచే ఒంటె. అన్నం తినగానే అది గుర్తొస్తుంది, మాత్ర వేసేసుకుంటా. ఎన్నాళ్ల నుంచో నువ్వు అరవకముందే వేసుకుంటున్నా. నువ్వే నమ్మట్లేదు."

నెత్తిన ఒకటి మొట్టబోయిన చెయ్యి వాడి జుట్టు నిమిరింది. అక్కకు ఏడుపూ నవ్వూ కలగలిసి వచ్చేశాయి. ఇంటికి వెళ్లగానే, ఇన్నాళ్లూ తన దగ్గర దాచుకున్న మాత్రల డబ్బా తీసి వాడి గూట్లో పెట్టింది.

మర్నాడు పొద్దున్న స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. పుట్టుబుద్ధి పోతుందా? మెడ దానంతటదే సాగింది.

"ఒంటె వచ్చిందోచ్!" అని లోపల్నుంచి కేక.

అక్క గబుక్కున మెడ లాక్కుని వంటింట్లోకి పరిగెత్తింది.