ముప్పై మూడు చింతపిక్కలు

బడి కొండ మీద ఉందో, కొండే బడిలోకి వచ్చి కూర్చుందో తెలియడం లేదు గానీ, నల్లబల్ల వెనుక కొండచీపుర్లు ఊగుతున్నాయి, మూడో తరగతి వరుసలో చిన్నపిల్లల పీట మీద మోకాళ్లు ముడుచుకుని పకీరునాయుడు మాస్టారు కూర్చున్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, మొహమాటం కొద్దీ ఎవరమూ ఎత్తడం లేదు.

నేను కుర్చీలో ఉన్నాను, ఆయన కింద ఉన్నారు. దాచడమెందుకు, నాకు గర్వంగానే ఉంది.

"నువ్వు సవర సాయమ్మవి గదూ? ఈ బడికే టీచరమ్మవయిపోయావేటి!"

"అవును మాస్టారూ. మా గూడెంలో మొదటి టీచర్ని నేనే."

ఆయన ముఖం వెలిగిపోతుంది. కానీ నాకది చాలదు. నా పాత లెక్కల పుస్తకం ఎక్కడి నుంచో ఒళ్లోకి వచ్చి తెరుచుకుంటుంది, అందులో ముప్పై మూడు పిక్కల బొమ్మ, ఇరవై పిక్కలు ఒక కుప్ప, పన్నెండు పిక్కలు ఒక కుప్ప, విడిగా ఒకటి, వాటన్నిటి మీదా ఆయన పెట్టిన ఎర్ర ఇంటు మార్కు. పదేసి పెట్టడం రాదా అని ఆ రోజు అందరి ముందూ అన్నారు. ఆ ఏడాదంతా నేను తరగతిలో నోరు విప్పలేదు.

చింతపిక్కలు ఆయన ముందు పోస్తాను, అవి పెరుగుతున్నాయి, తరుగుతున్నాయి, మళ్లీ ముప్పై మూడే అవుతున్నాయి. "మా సవర లెక్కలో పదమూడంటే పన్నెండూ ఒకటీ మాస్టారూ. ఇరవై అయితే ఒక కుప్ప. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. మా అమ్మ అలాగే లెక్కపెట్టేది. నేను తప్పు చెయ్యలేదు."

ఆయన పెదాలు కదుపుతూ ఒక్కో పిక్కా జరుపుతారు, చివరిది జరిపి పెద్దగా నవ్వుతారు. "ఓలమ్మా, సరిపోయింది గదే! నీకు రెండు లెక్కలొచ్చు, నాకొక్కటే వచ్చును. అప్పుడే సెప్పలేకపోయావా?"

"మీరు అడగలేదు మాస్టారూ."

నవ్వు ఆగిపోతుంది. జేబులోంచి పెన్ను తీసి ఆ ఇంటును రైటుగా దిద్దబోతారు, ఎన్నిసార్లు దిద్దినా అది ఇంటుగానే ఉంటుంది. "రెండు గీతలూ పడిపోయాక అవదమ్మా. మొదటి గీత కాడే ఆగాల," అంటారు, నా వైపు చూసి, "నీ చేతిలో ఏటది?" అంటారు.

మధ్యాహ్నం బడిగంటకు మెలకువ వచ్చింది. బల్ల మీద దిద్దుతున్న కాగితాలు, చేతిలో ఎర్ర పెన్ను. పైనున్నది మా గూడెం పిల్ల బిడ్డిక ఝాన్సీది. ముప్పై రెండు పిక్కలను కుప్పలుగా గీయమంటే, ఇరవై పిక్కలు ఒక చోట, పన్నెండు పిక్కలు ఒక చోట గీసింది. వాటి మీద ఏటవాలుగా ఒక ఎర్ర గీత ఉంది, నేను గీసిందే. రెండోది గీసేలోపు కునుకు పట్టినట్టుంది.

నన్ను చూసి నాకే సిగ్గేసింది. ఆ గీత అడుగున ఎడమవైపు ఇంకో చిన్న గీత కలిపి రైటు చేశాను. ఝాన్సీని పిలిచి, ఎలా లెక్కపెట్టావమ్మా అని మా సవర మాటల్లోనే అడిగాను.