అంగుళం కంటే సన్నది

వెర్లిన్ పెడల్ నొక్కితే బ్రేకులకు నూనె తోసే మాస్టర్ సిలిండర్లు రెండింటిని పెట్టెల్లోంచి తీసి, కౌంటర్ మీద పరిచిన ఎర్రగుడ్డపై పక్కపక్కన పెట్టాడు. బేకర్స్‌ఫీల్డ్‌లోని ఆ విడిభాగాల దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్లుగా అతనికి ఇదే చోటు. కౌంటర్ అంచు ఒరుసుకుని అతని చొక్కాలన్నీ పొట్ట దగ్గర అడ్డంగా అరిగిపోయాయి. బయటికి వెళ్లాలంటే కౌంటర్‌కున్న మడత పలక ఎత్తాలి. దాన్ని అతను భోజనానికి ఒకసారి, ఇంటికి ఒకసారి ఎత్తుతాడు.

ఎదురుగా ఓడెల్ చేతికర్ర మీద వాలి నిలబడ్డాడు. ఇద్దరిదీ ఒకే బడి. పోయిన చలికాలం పక్షవాతం వచ్చి ఓడెల్ కుడికాలిలో సగం సత్తువ పోయింది. 1932 నాటి ఫోర్డు కారుకు పైకప్పు కోసి దించి, పెద్ద ఇంజను ఎక్కించి, నలభై ఏళ్లుగా సాకుతున్నాడు. రేపు ఎండిన సరస్సు మీద పాత కార్ల పందేలు. ఇవాళే బయల్దేరాలని అతని పట్టుదల.

"ఆ లావుది ఇవ్వు. లావుదైతేనే బండి గట్టిగా ఆగుద్ది."

"అందరూ చేసే పొరపాటే ఇది. లావు సిలిండర్‌కి లావు కాలు కావాలిరా. నీ కాలు చూడు, ఆరేసిన మేజోడులా ఉంది."

"మరి ఈ సన్నది?"

"అంగుళం కంటే సన్నం. పెడల్ ఎక్కువ లోతుకి దిగుద్ది గానీ మెత్తగా దిగుద్ది. కాలు ఊరికే ఆనిస్తే చాలు."

"ముసలమ్మల బ్రేకు! అక్కడ అందరూ నవ్వుతార్రా."

"అది పాదాల కింద, బండి అడుగున ఉంటుంది. ఎవడు పడుకుని చూస్తాడు?"

ఓడెల్ నవ్వాడు. కొత్తది తీసుకుంటే పాతది ఇచ్చిపోవడం అక్కడి ఆనవాయితీ. పొద్దున్నే ఊడదీసిన పాత సిలిండర్‌ను కాగితంలోంచి తీసి ఎర్రగుడ్డ మీద పెట్టాడు.

భోజనం వేళ వెర్లిన్ వెనకవీధిలోని ఓడెల్ ఇంటికి పోయి, కారు కింద పడుకుని కొత్తది బిగించాడు. బ్రేకు గొట్టాల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి: పైన పెడల్ మీద ఓడెల్, కింద వెర్లిన్.

"నొక్కు."

"నొక్కా."

"పట్టుకో. వదలమాక."

"వదల్లేదురా బాబూ."

పని అయ్యాక ఓడెల్ పక్క సీటు తట్టాడు. "ఎక్కు. ఖాళీయే."

"రేపు దుకాణంలో నేనొక్కణ్ణే. వచ్చే ఏడు వస్తా."

"పోయినేడూ ఇదే పాట."

వెర్లిన్ గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటకు ఏడు నిమిషాలు. చేతులు తుడుచుకుని వెనక్కి నడిచాడు.

నాలుగింటికి చెడిన బండ్లు లాగే ట్రక్కు నడిపే రమోన్ వచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు.

"వెర్లిన్, మీ ఓడెల్ చనిపోయాడు. హైవే ఎక్కేముందు ఆగాలి కదా, అక్కడ ఆపాడు. వెనకోళ్లు హారన్ కొట్టినా కదల్లేదంట. అది వాలు రోడ్డు. అయినా బండి జానెడు కూడా జారలేదు. కాలు బ్రేకు మీదే ఉంది. నేనే తీశా."

వెర్లిన్ చేతిలోని పెట్టె కౌంటర్ మీద పెట్టాడు.

"పెడల్ గట్టిగా ఉందా?"

"లేదు. మెత్తగానే ఉంది."

వెర్లిన్ మడత పలక ఎత్తాడు. అప్పుడే తలుపు గంట మోగింది. ఎవరో వైపర్లు కావాలన్నారు. పలక దించి, వెనక్కి తిరిగి అరలోకి చెయ్యి పెట్టాడు.

ఎర్రగుడ్డ మీద పాత సిలిండర్ ఉంది. దాని నోటి నుంచి నూనె ఊరి, గుడ్డ మీద నల్లగా, మెల్లగా పాకుతోంది.