మార్చినట్టు రాసిన గొట్టం

ఏసుపాదం జన్మలో విమానం ఎక్కలేదు. కానీ పొలాలకు పురుగుమందు చల్లే కంపెనీకి గన్నవరంలో ఉన్న రెండు చిన్న విమానాల సంగతి అతనికి తెలిసినంతగా వాటిని నడిపేవాళ్లకు కూడా తెలియదు. ఏ ఇంజను ఎన్ని గంటలు తిరిగిందీ, ఏ టైరు ఎప్పుడు వేసిందీ, ఏ భాగానికి ఎప్పటితో గడువు తీరేదీ అన్నీ అతని లాగ్‌బుక్కుల్లో ఉండేవి. మిషన్ బళ్లో దిద్దిన గుండ్రటి అక్షరాలు. వెతికినా కొట్టివేత కనిపించదు.

ఏడాదికోసారి మద్రాసు నుంచి ఇన్‌స్పెక్టర్ వీరభద్రరావు గారు వచ్చి, పుస్తకాలూ విమానాలూ చూసి, ఇవి ఎగరడానికి పనికొస్తాయని సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాలి. అది లేకపోతే విమానం షెడ్డు దాటడానికి వీల్లేదు.

డెబ్భై ఆరులో, వరి పాలు పోసుకునే రోజుల్లో, దోమ పడింది. పొద్దున పచ్చగా ఉన్న చేను నాలుగు రోజుల్లో కాలినట్టు ఎర్రబడిపోయేది. సరిగ్గా అప్పుడే ఒక విమానం సర్టిఫికెట్టు గడువుకొచ్చింది. దాని పెట్రోలు గొట్టం మార్చాల్సిన తేదీ దాటిపోయింది. కొత్తది ఇంకా బొంబాయి నుంచి రాలేదు.

"గొట్టం మార్చినట్టు రాసెయ్యి ఏసుపాదం, నేను సంతకం పెడతాను," అన్నారు ఇంజనీరు భానుమూర్తి గారు.

"ఇంకా రాలేదు కదండీ?"

"రైల్లో ఉందయ్యా. రాగానే నా చేత్తో నేనే వేస్తాను. ఎల్లుండి ఇన్‌స్పెక్టర్ గారొస్తున్నారు. ఈ ఒక్క కాయితం దగ్గర ఆగిపోతే అవనిగడ్డ దాకా చేలన్నీ ఏమైపోతాయి? రైతులు గేటు దగ్గర ఎలా కూర్చున్నారో చూశావుగా."

చూశాడు. తువ్వాళ్లు పరుచుకుని, ఎండిన వరి దుబ్బులు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. అయినా ఏసుపాదం ఆ వాక్యం రాసింది రైతుల కోసం కాదు. తనను ఆ ఉద్యోగంలో పెట్టించింది భానుమూర్తి గారు. ఆయన మాటకు అడ్డు చెప్పడం అతనికి అలవాటు లేదు, అంతే. పైవాటిలాగే గుండ్రంగా రాశాడు. తేదీ వేశాడు.

ఇన్‌స్పెక్టర్ గారు విమానం చుట్టూ తిరిగారు, రెక్కలు తట్టి చూశారు, తర్వాత పుస్తకం ముందు కూర్చున్నారు.

"ఇంజను మూత విప్పమంటారా?" అడిగారు భానుమూర్తి గారు.

వీరభద్రరావు గారి వేలు గొట్టం పద్దు దగ్గర ఆగింది.

"అక్కర్లేదు. మొన్ననేగా మార్చారు." కళ్లజోడు తీసి ఏసుపాదం వైపు చూసి నవ్వారు. "నీ పుస్తకం చూస్తే విమానం విప్పి చూసినట్టేనయ్యా. ఇలాంటి పుస్తకం ఇంకెక్కడా చూడలేదు."

ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. అయినా నవ్వాడు. సంతకం అయిపోయింది.

గొట్టం అయిదో రోజున వచ్చింది. వెయ్యాలంటే ఒక పూట విమానం కింద ఉండాలి. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా అది గాల్లోనే ఉండేది. ఒకసారి గుర్తు చేశాడు. "ఆదివారం చూద్దాం," అన్నారు భానుమూర్తి గారు. ఆదివారం కూడా విమానం ఎగిరింది. రెండోసారి ఏసుపాదం గుర్తు చేయలేదు. మరిచిపోయి కాదు. విసుక్కుంటారని.

సంతకమైన పన్నెండో రోజు పామర్రు అవతల, చేల మీద తక్కువ ఎత్తులో పోతుండగా ఇంజను ఆగిపోయింది. పైలట్ తిరుపతిరావు గారు వాయుసేనలో పనిచేసి వచ్చినవారు. ఎదురుగా గడ్డి కోస్తున్న ఆడవాళ్లు కనిపించి పక్కకు తిప్పారు. విమానం పంటకాలవ గట్టుకు కొట్టుకుంది. ఆ ఆడవాళ్లే బురదలో పరిగెత్తుకొచ్చి ఆయన్ని బయటికి లాగారు. తర్వాత మంటలు లేచాయి. తుంటి ఎముక విరిగింది కానీ ప్రాణం దక్కింది.

విచారణకు వీరభద్రరావు గారే వచ్చారు. ఇంజను మసిబొగ్గు. గొట్టం ఆనవాలు కూడా మిగల్లేదు. చేతిలో ఉన్న సాక్ష్యమల్లా ఏసుపాదం పుస్తకమే.

"పైలట్ చెప్పినదాన్ని బట్టి పెట్రోలు అందక ఆగింది, అది ఖాయం," అన్నారాయన. "పుస్తకం చూస్తే గొట్టం కొత్తది. ఇక మిగిలింది పైలట్టే. ఒక టాంకు అయిపోయాక రెండోదానికి మీట తిప్పడం మరిచిపోయి ఉంటాడు. కాయితం ఎక్కించవయ్యా, చెబుతాను."

ఆయన చెబుతుంటే ఏసుపాదం టైపు కొట్టాడు. మూడు కాపీలు, మధ్యలో కార్బన్లు. 'పైలట్ అజాగ్రత్త' అన్నచోట వేళ్లు ఆగాయి.

"ఏమైంది?"

"రిబ్బను ఇరుక్కుందండీ," అన్నాడు. ఆ రెండు మాటలూ టైపు చేసేశాడు.

ఇన్‌స్పెక్టర్ గారు బెజవాడ వెళ్లిపోయాక భానుమూర్తి గారు స్టోరు రూములోంచి విప్పని గొట్టం పొట్లం తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"ఇది ఏలూరు కాలవలో పడెయ్యి. నేను పిల్లలున్నవాణ్ణి ఏసుపాదం."

మర్నాడు పొద్దున్నే పొట్లాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని సైకిలెక్కాడు. కాలవ వంతెన మీద ఆగాడు. నీళ్ల వైపు చూశాడు. సంచిలో చెయ్యి పెట్టి, ఖాళీ చెయ్యే వెనక్కి తీశాడు. అక్కణ్ణుంచి తిన్నగా బెజవాడ ఆస్పత్రికి తొక్కాడు. ఎందుకు పోతున్నాడో అతనికే తెలియదు.

తిరుపతిరావు గారి కాలుకు ఇసుక సంచి వేలాడగట్టి ఉంది. ఏసుపాదాన్ని చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"నువ్వన్నా వచ్చావు. కంపెనీ వాళ్లెవరూ రాలేదయ్యా." ఫ్యాను వైపు చూశారు. "ఎంత ఆలోచించినా మీట తిప్పిన గుర్తు రావట్లేదు. చెయ్యి అటు వెళ్లినట్టే ఉంటుంది. ఇరవయ్యేళ్ల చెయ్యి కదా, ఎలా మరిచిపోయిందో! గొట్టం కొత్తదేనన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. నీ పుస్తకం అబద్ధం చెప్పదుగా. నేనే మరిచిపోయి ఉంటాను. ఆ ఆడవాళ్లలో ఒక్కరు పోయినా..."

ఏసుపాదం సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "విశ్రాంతి తీసుకోండి," అని లేచి వచ్చేశాడు. వరండా దాటాక ఆగిపోయాడు. ఆ మనిషి దగ్గర చెప్పే ధైర్యం లేదు. చెప్పకుండా ఇంటికి పోయే ధైర్యమూ లేదు.

బెజవాడలోనే ట్రావెలర్స్ బంగళాలో వీరభద్రరావు గారు మద్రాసు మెయిలుకు పెట్టె సర్దుకుంటున్నారు. ఏసుపాదం పొట్లం బల్ల మీద పెట్టాడు.

"ఏమిటిది?"

"గొట్టమండీ. మార్చామని రాసినది."

ఆయన పొట్లం మీది రైల్వే చీటీలో తేదీ చదివారు. మంచం మీద కూర్చుండిపోయారు. చీటీ మీంచి కళ్లు తీయకుండానే అన్నారు: "మూత విప్పించకుండా సంతకం పెట్టింది నేను. ఇది బయటికొస్తే నీతో పోదు. తెలుసా?"

"తెలుసండీ."

"తెలిసే వచ్చావా?"

"మీ మీద చెప్పడానికి రాలేదండీ. ఆయన తనే మరిచిపోయాననుకుంటున్నారండీ. నా పుస్తకం చూసి."

వీరభద్రరావు గారు కిటికీ దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి, పెట్టెలోంచి తెల్లకాగితాలు తీశారు.

"కూర్చో. చెబుతాను, రాయి. ముందు నా సంగతి రాయి, తర్వాత మీది."

ఆ మెయిలు ఆయన ఎక్కలేదు.

మూడు నెలల్లో అన్నీ జరిగిపోయాయి. భానుమూర్తి గారి లైసెన్సు రద్దయింది. వీరభద్రరావు గారిని ఎక్కడో ఈశాన్యానికి బదిలీ చేశారు. ఏసుపాదం ఉద్యోగం పోయింది. పామర్రులో ఒక ధాన్యం మిల్లులో గుమాస్తాగా కుదురుకున్నాడు. ఒకరోజు భానుమూర్తి గారి భార్య కనకవల్లి మిల్లు దాకా వచ్చింది. తిట్టడానికేనని అతను సిద్ధపడ్డాడు. ఆవిడ తిట్టలేదు. "ఆయన నిన్ను తమ్ముడనుకున్నారు," అని ఒక్క మాట అని వెళ్లిపోయింది.

కొత్త రిపోర్టు వచ్చింది. గొట్టం కాలిపోయింది కాబట్టి కారణం తేల్చలేమనీ, పైలట్ తప్పు అనడానికి ఆధారం లేదనీ దాని సారాంశం. అది తిరుపతిరావు గారికి చేరిందని తెలిశాక, ఏసుపాదం సూర్యారావుపేటలోని ఆయన ఇంటికి వెళ్లాడు.

ఆయన చేతికర్ర పక్కన పెట్టుకుని వసారాలో కూర్చున్నారు. ఇక విమానం నడపలేవని డాక్టర్లు చెప్పేశారు.

"ఆస్పత్రికొచ్చిన రోజు నీ సంచిలో ఉన్నది అదేనా?"

"అవునండీ."

"నేను నన్ను తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నావు."

"అవునండీ."

ఆయన కోప్పడితే బావుండుననిపించింది. ఆయన మాత్రం మెల్లగా, పని సంగతి అడిగినట్టు అడిగారు: "గొట్టమే తెగిందంటావా? లేక నేను నిజంగానే మరిచిపోయానా?"

"తెలీదండీ. ఎవరికీ తెలీదు."

"అవును. ఇక తెలీదు." ఆయన కళ్లు మూసుకున్నారు. "కొత్తది వేసి ఉంటే, ఆగినా ఎందుకాగిందో నాకు తెలిసేది. నా తప్పయితే నా తప్పని తెలిసేది. అదీ లేకుండా చేశారు."

ఏసుపాదం క్షమించమని అడగడానికే వచ్చాడు. అడగలేకపోయాడు. తిరుపతిరావు గారు లోపలికి పోవడానికి లేవబోతే చేతికర్ర జారి కింద పడింది. ఏసుపాదం గబుక్కున చెయ్యి అందించాడు. ఆయన ఆ చేతి వైపు ఒకసారి చూసి, గోడ పట్టుకుని లేచారు.

"మంచి పనే చేశావు, ఆలస్యంగా," అన్నారు గుమ్మంలో నిలబడి. "వెళ్లిరా."

ఏసుపాదం కర్ర తీసి గుమ్మం పక్కన ఆనించి, బస్టాండు వైపు నడిచాడు.